ఇంటి ఫర్నేసు, 4వ పాఠం: పది నిమిషాలకే ఆరిపోయే మంట

ఇక్కడ అమెరికాలో ఇంటిని గ్యాసుతో వెచ్చబెట్టే యంత్రమే ఫర్నేసు. ఈ వారం దాని బ్లోయరు (వేడిగాలిని గదులకు తోసే ఫ్యాను) మోటారు విప్పుదామనుకున్నాను. కుదరలేదు. మూడో పాఠంలో ఫ్లేమ్ సెన్సరు (మంట వెలిగిందో లేదో కనిపెట్టేది) శుభ్రం చేయడం చెప్పాక వచ్చిన ఉత్తరాలు చూస్తే, ముందు వెనక్కి తిరిగి అక్కడ పడ్డవాళ్ళను లేపాలనిపించింది.

మొదటి తప్పు నాదే. "బర్నర్ల ముందు పుల్లలా కనిపించేది" అని రాశాను. అక్కడ పుల్లలాంటివి రెండుంటాయి. ఒకటి సెన్సరు, రెండోది గ్యాసును అంటించే ఇగ్నైటరు. కొలంబస్ నుంచి ఒకాయన రెండోదాన్ని పట్టుకుని స్టీల్ వూల్‌తో అంట్లు తోమినట్టు తోమారట. చేతిలోనే రెండు ముక్కలైంది. శనివారం రాత్రి, బయట మంచు. ఆ ఇంట్లో ఆ రాత్రి నా గురించి ఏమనుకుని ఉంటారో ఊహించగలను. ఇగ్నైటరు పింగాణీ జాతి వస్తువు. తోమడం మాట అటుంచండి, వేలిజిడ్డు అంటినా ఓర్చుకోని రకాలున్నాయి. గుర్తు ఇదీ: ఒకే వైరు, ఒకే స్క్రూ, తెల్లటి పింగాణీ మెడ, అందులోంచి వచ్చే సన్నటి లోహపు కడ్డీ ఉంటే అది సెన్సరు. రెండు వైర్లు, చివర ప్లగ్గు, బూడిదరంగు బిళ్ళ ఉంటే అది ఇగ్నైటరు. దాని జోలికి వెళ్ళొద్దు.

రెండోది: "అంతా బిగించాక అసలు ప్రాణమే లేదు, లైటు కూడా వెలగడం లేదు" అని అయిదారుగురు రాశారు. కింది తలుపు సరిగ్గా కూర్చోలేదు, అంతే. తలుపు వెనక చిన్న స్విచ్ ఉంటుంది, తలుపు దాన్ని నొక్కితేనే కరెంటు వస్తుంది. ఇది చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాను. ఒకరు ఆ స్విచ్ కనిపెట్టి, దాని మీద టేపు అంటించి "పని చేస్తోందండీ!" అని సంబరంగా ఫోటో పంపారు. అయ్యా, ఆ టేపు ఇప్పుడే తీసేయండి. ఆ తలుపు తెరిచి ఉంటే బ్లోయరు ఆ గదిలో గాలినే పీల్చి ఇల్లంతా ఊదుతుంది. పక్కనే వాటర్ హీటరు పొగగొట్టం ఉంటుంది. అందులోంచి చిమ్నీలోకి పోవాల్సింది పడగ్గదిలోకి వస్తుంది. స్విచ్ పెట్టింది అందుకు.

ఇక మూడో గుంపు. ఎక్కువమంది వీళ్ళే. "మీరు చెప్పినట్టే సెన్సరు తళతళలాడేలా తుడిచాం. అయినా మంట ఆరిపోతోంది. మళ్ళీ తుడిచాం. మళ్ళీ ఆరింది." నాలుగుసార్లు తుడిచినవాళ్ళున్నారు. వీళ్ళందరికీ నేనొకటే అడిగాను: ఎంతసేపటికి ఆరుతోంది? ఒక్కరు కూడా గడియారం చూడలేదు.

ఫర్నేసు రోగమేమిటో సగం గడియారమే చెబుతుంది. థర్మోస్టాట్ (ఎంత వేడి కావాలో పెట్టుకునే గోడ మీది మీట) వేడి అడగ్గానే ముందు పొగను బయటికి తోసే ఇండ్యూసరు ఫ్యాను గుయ్‌మంటుంది. పొగ బయటికి పోయే దారి తెరుచుకుందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకోవాలి. తర్వాత ఇగ్నైటరు నారింజరంగులోకి వెలుగుతుంది. గ్యాస్ వాల్వు టక్‌మంటుంది, మంట అంటుకుంటుంది. వెలిగిన కొద్ది సెకన్లలోపే మంట ఆరిపోయి, మళ్ళీ ఇండ్యూసరుతో మొదలెడుతుంటే, మంట ఉందని సెన్సరు ఫర్నేసును నడిపే బోర్డుకు చెప్పలేకపోతోంది. అది మూడో పాఠం రోగం. మంట బాగా వెలిగి, ముప్ఫై నలభై సెకన్లకు బ్లోయరు కూడా వచ్చి, అయిదు పది నిమిషాలు చక్కగా నడిచాక మంట ఒక్కటే ఆరి, బ్లోయరు మాత్రం చల్లగాలి ఊదుతూ ఉండి, కాసేపటికి మళ్ళీ మంట వస్తుంటే, సెన్సరుకు దాంతో సంబంధం లేదు. ఫర్నేసు లోపల వేడి మితిమీరి లిమిట్ స్విచ్ గ్యాసు ఆపేసింది. చల్లారాక తనే మళ్ళీ వెలిగించింది. ఇల్లు మాత్రం 66 దగ్గరే ఉంటుంది, థర్మోస్టాట్ 70 అని ఎంత అరిచినా. (ఈ పాఠాల్లో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్.) బోర్డు మీది చిన్న లైటు కూడా లెక్కపెట్టి మిణుకుతుంది. ఎన్ని మిణుకులకు ఏం అర్థమో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి నన్నడగొద్దు. తలుపు లోపలి కాగితం మీద ఉంటుంది, చదవండి.

వేడి ఎందుకు మితిమీరుతుంది? ఫర్నేసుకు ఊపిరాడక.

మా ఇంట్లోనే జరిగింది. ఉండేది మిషిగన్. సంక్రాంతికి మా ఇంటావిడ బొమ్మల కొలువు పెట్టింది. హాల్లో ఖాళీ గోడ ఒక్కటే. దానికానించి అయిదు మెట్లు కట్టి, వాటి మీద మా అమ్మ పంపిన పాత పట్టుచీర నేలదాకా పరిచింది. పేరంటానికి జనం వచ్చే వేళకు ఇల్లు చల్లబడిపోయింది. పాతికమంది ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. నేను బేస్‌మెంట్‌లో మోకాళ్ళ మీద కూర్చుని, మీరు చేసిన పనే చేశాను: సెన్సరు తుడిచాను. ఆ తర్వాతే లైటు మిణుకులు లెక్కపెట్టి, లిమిట్ అని తెలుసుకుని, పైకొచ్చి ఆ గోడ వైపు చూశాను. చీర అంచు లోపలికి లాక్కుపోయి గోడకు అతుక్కుని ఉంది. ఇంటి మొత్తానికి ఉన్న పెద్ద రిటర్న్ గ్రిల్ (గదుల్లో గాలిని ఫర్నేసు తిరిగి పీల్చుకునే జాలీ) ఆ మెట్ల వెనకే. అడుగు మెట్టు మీద చెట్టియారు దంపతులు ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు. కొలువు కదపకూడదు కదా, చీర పక్కల్ని పైకి మడిచి పిన్నులు పెట్టాం. అరగంటలో కోట్లు విప్పారు.

ఆ రోజు కొలిచిన అంకెలు కింద చెబుతాను. ముందు నాకు ఒళ్ళు మండే విషయం ఒకటుంది, అది చెప్పకుండా ముందుకు పోలేను.

వెంట్లు, అంటే గదుల్లోకి వేడిగాలి వచ్చే జాలీలు, మూయడం.

అమ్మానాన్నలు ఆరునెలలుండి ఇండియా తిరిగి వెళ్ళిపోతారు. మర్నాడే వాళ్ళ గదిలో వెంటు మూసేస్తాం. గ్యాసు కలిసొస్తుందని. బేస్‌మెంట్‌లో ఎవరుంటారని అక్కడ మూడు మూసేస్తాం. గెస్ట్ రూమ్ ఒకటి. డైనింగ్ రూమ్‌లో తినేది పండక్కే కాబట్టి అక్కడ రెండు. పన్నెండు వెంట్ల ఇంట్లో ఏడు మూసి, పొదుపు చేశామనుకుంటాం. కుళాయి కట్టేస్తే నీళ్ళు మిగులుతాయి కాబట్టి వెంటు మూస్తే వేడి మిగులుతుందని లెక్క. మిగలదు. మీది ఒకే స్థాయిలో మండే ఫర్నేసైతే (చాలా ఇళ్ళల్లో అదే), వెలిగినంతసేపూ ఒకటే మంట. మీరు ఏడు మూసినా, మూడు మూసినా, ఒక్కటీ మూయకపోయినా అంతే. తగ్గింది గాలి ఒక్కటే. అట్లపెనం కింద మంట పెద్దదిగానే పెట్టి, పిండి పోయడం ఆపేస్తే ఏమవుతుంది? పెనం మాడుతుంది. ఇక్కడ మాడేది హీట్ ఎక్స్‌ఛేంజరు. పొగకూ మీరు పీల్చే గాలికీ మధ్య ఉన్నది ఆ ఒక్క రేకు పొరే. ఏళ్ళ తరబడి మితిమీరి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే అది పగులుతుంది. నెలకు నాలుగు డాలర్లు మిగిల్చామనుకుని, చివరికి వేల డాలర్లకు కొత్త ఫర్నేసు కొంటాం.

"మరి ఆ గది ఎవరూ లేకుండా ఊరికే వెచ్చగా ఉండాలా?" ఉండనివ్వండి. మరీ మనసొప్పకపోతే ఒకటి సగం మూయండి. అన్నీ తెరిచి ఉండటమే నాకిష్టం.

వెంటు తెరిచే ఉంది, కానీ దాని మీద తివాచీ ఉంది. ఇదీ మూసినట్టే. రిటర్న్ గ్రిల్‌కు ఆనించి సోఫా ఉంది. ఇదీ అంతే. ఫర్నేసు గదిలో తలుపుకు అడ్డంగా ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఆరు, ఆవకాయ జాడీలు, వాటి పక్కన సగం వాడిన పెయింటు డబ్బాలు. బియ్యం సంగతి మీ ఇష్టం, పెయింటూ థిన్నరూ మాత్రం ఈరోజే గరాజులోకి పంపండి. వాటి ఆవిరి మంట దగ్గర ఉండకూడదు.

ఫిల్టరు కథ కూడా ఇదే. మెర్వ్ అంకె (ఫిల్టరు ఎంత సన్నటి దుమ్మును పట్టగలదో చెప్పేది) ఎంత పెద్దదైతే అంత మంచిదని మెర్వ్ 13 కొంటారు, అదీ అంగుళం మందం ఉన్నది. ఆస్పత్రికి మంచిదే. పదహారూ ఇరవై అయిదూ అంగుళాల ఫిల్టరు అంటే మూడు చదరపు అడుగులు కూడా లేదు. నిమిషానికి పన్నెండు వందల ఘనపుటడుగుల గాలి అందులోంచే దూరాలి. దట్టమైన కాగితం, పైగా మన వంటలు. రోజూ పోపు పెట్టి, వారానికోసారి గారెలు వేయించే ఇంట్లో ఆ నూనె ఆవిరి ఎక్కడికి పోతుందనుకున్నారు? ఆ ఫిల్టరు తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. మా ఇంటి దానికి ఇంగువ వాసన వస్తుంది. అంగుళం మందానికి నేను మెర్వ్ 8 దాటను, చలికాలంలో నెలన్నరకోసారి మారుస్తాను. మెర్వ్ 13 కావాలంటే నాలుగైదు అంగుళాల మందం పట్టే పెట్టె వేయించుకోండి, మడతలెక్కువ కాబట్టి గాలికి చోటుంటుంది. బాణం గుర్తు ఫర్నేసు వైపు ఉండాలి.

ఇప్పుడు కొలత. ఈ పాఠంలో అసలు పని ఇదే.

ఫర్నేసు పై తలుపు లోపల రేటింగ్ ప్లేటు ఉంటుంది. దాని మీద "ఎయిర్ టెంపరేచర్ రైజ్" అని వెతకండి. పక్కన 35 నుంచి 65 అనో, 40 నుంచి 70 అనో ఉంటుంది. లోపలికి పోయే గాలికీ బయటికొచ్చే గాలికీ మధ్య తేడా ఆ రెండంకెల మధ్య పడాలి. కొలవడానికి వంటింటి థర్మామీటరు చాలు, పెరుగు తోడు పెట్టేటప్పుడు పాల వేడి చూసుకునేది. 200 డిగ్రీలదాకా చూపించాలి, సన్నటి మొన ఉండాలి. రెండుంటే మేలు. రెండూ ముందు ఒకే గ్లాసు నీళ్ళలో పెట్టి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూసుకోండి.

మెకానిక్కులు డక్టుకు (గాలి పోయే రేకు గొట్టానికి) చిన్న రంధ్రం వేసి కొలుస్తారు. మీరు వేయొద్దు. ఫర్నేసు పైన ఏసీ కాయిల్ ఉంటుంది, అందులో డ్రిల్లు దిగితే ఈ పాఠం చదివినందుకు నన్ను శపిస్తారు. నా అడ్డదారి ఇది: ఫర్నేసుకు అతి దగ్గరగా ఉన్న వెంటులో ఒక థర్మామీటరు మొన దింపండి, రిటర్న్ గ్రిల్ దగ్గర రెండోది. డక్టు పొడుగునా కాస్త వేడి పోతుంది కాబట్టి అసలు తేడా మీ అంకె కంటే రెండుమూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. మీకు 63 వచ్చి, ప్లేటు మీద 65 ఉంటే, బాగుందని కాదు, గట్టు మీదున్నారని.

థర్మోస్టాట్ అయిదు డిగ్రీలు పెంచండి. పదిహేను నిమిషాలు ఆగకుండా నడవాలి, అప్పుడు చదవండి. అయిదు నిమిషాల కొలత కొలత కాదు. 2019 జనవరి 30 రాత్రి మా ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. మాకోంబ్ కౌంటీలో గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో మంటలు లేచాయి, థర్మోస్టాట్లు 65కి తగ్గించమని. బయట సున్నా కంటే కింద ఉంది. తర్వాత మళ్ళీ 70కి పెంచినప్పుడు ఫర్నేసులు గంటల తరబడి ఆగకుండా నడవాల్సి వచ్చింది. అంతవరకూ "బ్రహ్మాండంగా ఉంది" అనుకున్న స్నేహితుడి ఫర్నేసు ఆ రోజే లిమిట్ మీద ఆగడం మొదలెట్టింది. పదేసి నిమిషాలు నడిచి ఆగే రోజుల్లో ఆ జబ్బు బయటపడనే లేదు.

కొలువు నాటి అంకెలు: రిటర్న్ 68, వెంటులో 148. తేడా 80. చీర మడిచాక 68, 123. తేడా 55. మాది గంటకు 80,000 బీటీయూల (బీటీయూ అంటే వేడికి కొలత) ఫర్నేసు, 96 శాతం రకం, అంటే గాలికి అందేది 76,800. దాన్ని తేడాతోనూ, గాలి లెక్కకు వాడే స్థిరాంకం 1.08తోనూ భాగిస్తే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతోందో వస్తుంది. తేడా 55 ఉన్నప్పుడు దాదాపు 1,290. తేడా 80 ఉన్నప్పుడు 890. ఒక పట్టుచీర నాలుగు వందల ఘనపుటడుగుల గాలి మింగింది.

తేడా ఎక్కువొస్తే వరస ఇదీ: ఫిల్టరు, వెంట్లు, రిటర్న్. మూడూ సరిచేసి మళ్ళీ కొలవండి. పదింట తొమ్మిదిళ్ళలో ఇక్కడే తేలిపోతుందని నా అనుభవం. అప్పటికీ తగ్గకపోతే బ్లోయరు చక్రానికో ఏసీ కాయిల్‌కో దుమ్ము పట్టి ఉండాలి, లేదా బ్లోయరు వేగం ఒక మెట్టు పెంచాలి. అది అయిదో పాఠం. ఆత్రపడి వైర్లు మార్చేవాళ్ళకు ఒక్క ముక్క: పాత రకం మోటారుకు రెండు వేగాల వైర్లకు ఒకేసారి కరెంటిస్తే మోటారు కాలిపోతుంది. తేడా తక్కువొస్తే, ప్లేటు మీది చిన్న అంకెకు కింద పడితే, గాలి ఎక్కువో మంట తక్కువో. లోపల తేమ పట్టి తుప్పు మొదలవుతుంది, అదీ మంచిది కాదు.

గ్యాస్ వాల్వు మీద పీడనం మార్చే స్క్రూ ఎక్కడుందని ఇద్దరడిగారు. చెప్పను. సహజవాయువుకు బర్నర్ల దగ్గర మామూలుగా ఉండాల్సింది మూడున్నర అంగుళాల నీటి పీడనం. మానోమీటరు (పీడనం కొలిచేది) తగిలించకుండా ఆ స్క్రూ తిప్పడం కళ్ళకు గంతలు కట్టుకుని కారు నడపడం. లైసెన్సున్న మనిషిని పిలవండి. అలాగే లిమిట్ స్విచ్‌కు వైరు కలిపి దాటేయడం, బర్నర్ల దగ్గర ఎర్రబొత్తాం ఉన్న రోలవుట్ స్విచ్ నొక్కి మళ్ళీ వెలిగించడం, రెండూ వద్దు. రోలవుట్ తెగిందంటే మంట ఉండాల్సిన చోట కాక బయటికి వచ్చిందన్నమాట. ఆపేసి ఫోన్ చేయండి, నొక్కొద్దు.

మంటను మాత్రం చూడండి. చిన్న కిటికీలోంచి, మూత విప్పకుండా. నీలంగా, నిటారుగా ముందుకు పోతుండాలి. బ్లోయరు మొదలయ్యే క్షణం అక్కడే కన్ను ఉంచండి. బ్లోయరు రాగానే మంట ఊగినా, పసుపు తిరిగినా, వెనక్కి తన్నినా ఎక్స్‌ఛేంజరు పగిలిందేమోనని అనుమానించాలి. అప్పుడు కొలతలు, పాఠాలు పక్కన పెట్టి ఆపేయండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల దగ్గరా ఉండాలని మొదటి పాఠంలోనే చెప్పాను. ఒక్కటి కలుపుతాను. అలారం మోగలేదంటే గాలి శుభ్రంగా ఉందని కాదు. ఇక్కడి ప్రమాణం ప్రకారం 70 పీపీఎం (గాలి పదిలక్షల వంతుల్లో 70 వంతులు) దగ్గర అది గంట నుంచి నాలుగు గంటలదాకా ఊరుకోవచ్చు. ఇల్లంతటికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతోందంటే అలారం కోసం ఎదురుచూడొద్దు. అలారం వెనకాల తయారీ తేదీ చూడండి, వాటికీ ఆయుష్షుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషం. మన ఊళ్ళల్లో తలుపులేసుకుని బొగ్గుల కుంపటి పక్కన పడుకున్నవాళ్ళను చంపేది, ఇరుకు బాత్‌రూముల్లో గ్యాస్ గీజరు కింద చంపేది ఇదే.

గ్యాసు వాసన వేరే సంగతి. మనకు సిలిండరు అలవాటు: వాసనొస్తే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీసి, గాలి నేలబారుగా పోనిస్తాం. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి అక్కడ అది సరే. ఇక్కడి సహజవాయువు తేలిక, పైకి లేస్తుంది. బేస్‌మెంట్‌లో వాసన గట్టిగా వస్తే కిటికీలు వెతుక్కుంటూ ఉండిపోవద్దు, లైటు స్విచ్ ముట్టొద్దు. అందరూ బయటికి నడిచి, అక్కణ్ణుంచి ఫోన్ చేయండి.

ఇంటిపని. కాస్త ఎక్కువే, వచ్చేవారందాకా సమయముంది.

మూడు వేర్వేరు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున, నిమిషానికోసారి రెండు థర్మామీటర్ల అంకెలు రాయండి. మొదటి రోజు ఇల్లు ఎలా ఉందో అలాగే. రెండో రోజు కొత్త ఫిల్టరుతో. మూడో రోజు అన్ని వెంట్లూ తెరిచి, సోఫా జరిపి. ఇండ్యూసరు మొదలైన క్షణం నుంచి మంటకు ఎన్ని సెకన్లు, మంట నుంచి బ్లోయరుకు ఎన్ని సెకన్లు, అదీ రాయండి.

చివరగా గ్యాసు మీటరు. పొయ్యి, డ్రయ్యరు ఆపి, వాటర్ హీటరు మీట "పైలట్" దగ్గర పెట్టి, ఫర్నేసు ఒక్కటే నడుస్తుండగా మీటరు మీద రెండు ఘనపుటడుగుల ముల్లు ఒక చుట్టు తిరగడానికి ఎన్ని సెకన్లో చూడండి. ఘనపుటడుగుకు 1,030 బీటీయూలు అనుకుంటే 80,000 ఫర్నేసుకు 93 సెకన్లు రావాలి. మీ ఫర్నేసు వేరే సైజైతే లెక్క మీరే కట్టండి, కచ్చితమైన బీటీయూ అంకె గ్యాసు బిల్లు మీద ఉంటుంది. నాలుగైదు సెకన్లు అటూఇటూ అయితే పరవాలేదు. ఇరవై తేడా వస్తే ఆ కాగితం మెకానిక్ చేతిలో పెట్టండి, ఆయనే ఆ స్క్రూ సంగతి చూసుకుంటాడు.

మీటరు బయట ఉంటుంది, చెప్పులతో వెళ్ళకండి. అటు వెళ్ళినప్పుడే గోడలోంచి బయటికొచ్చిన తెల్ల గొట్టాల నోళ్ళు మంచుతో మూసుకుపోలేదని చూడండి. లోపలికి రాగానే వాటర్ హీటరు మీట మళ్ళీ "ఆన్"కు తిప్పండి. కిందటేడు నేను మర్చిపోయాను, పొద్దున మొదట స్నానానికి వెళ్ళింది మా అత్తగారు.